మాట్లాడని చుట్టాలు

బీబీపేటలో ఈరవ్వను ఎరగనివాళ్లు లేరు. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను సాకిన మనిషి. గడప ముందు నుంచి ఎవరు పోయినా "తిన్నవా బిడ్డా?" అని అడగందే ముద్ద నోట పెట్టదు. కోడి అడ్డమొచ్చినా అడిగే రకం. ఇంటికొచ్చినవాళ్లు ఆకలితో కూర్చోగా తాను తినడం ఆమె లెక్కలో పాపం కిందే జమ.

ఆ మంచితనమే ప్రాణం మీదికి తెచ్చింది.

కంటి లోపలి పొర దెబ్బతిని చూపు మసకబారాక, ఒకనాడు అన్నం ముందు కూర్చుంటే గోడ వారన ఎర్ర గౌన్ల పిల్లలు కనిపించారు. పక్కన తలపాగా చుట్టుకున్న ముసలాయన. కోడలి మొహమే ఆనవాలు పట్టలేని ఆమెకు ఆ గౌన్ల మీది పూలు కూడా తేటగా కనబడ్డాయి. "తిన్నరా?" అని అడిగింది. పలకలేదు. చెయ్యి చాపితే గోడే తగిలింది. పిచ్చి పట్టిందంటారని ఎవరికీ చెప్పలేదు. అలాగని వాళ్ల ముందు తిననూ లేదు. రోజూ పళ్లెం పక్కకు జరిపి "ఆకలైతలేదు" అనేది. మనిషి ఎండిపోయింది.

గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. కోడలు శ్రీలత దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. తాయెత్తు చేతికి వదులైందే తప్ప గుణం కనిపించలేదు. చివరికి అత్త ఖాళీ గోడతో "జర ఆగుండ్రి, ఎసరు పెట్టిస్త" అనడం చెవిన పడింది. చూపు తగ్గినప్పటి నుంచే ఇదంతా అని తట్టి, ఏడుస్తూనే ఆమెను కామారెడ్డి బస్సెక్కించింది.

కంటి డాక్టర్ సైమా అంతా విని ఈరవ్వ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, నీకు పిచ్చీ లేదు, గాలీ సోకలేదు. కంటి నుంచి కబురు రాకపోతె మెదడు ఊకోదు, తనే బొమ్మలు గీసుకుంటది. చూపు తగ్గినోళ్లల్ల శానమందికి గిట్లయితది. భయపడి చెప్పుకోరంతె. మళ్ల కనబడితె కండ్లు అటిటు తిప్పు, లైటు వేసుకో. పోతరు."

ఈరవ్వ కళ్ల నుంచి బొటబొటా నీళ్లు కారాయి. ఇన్నాళ్ల భయం ఒక్కసారి దిగిపోతే ఏడుపు రాక ఏమొస్తుంది?

"అయితె వాళ్లు నా మెదడు కన్న పిల్లలేనా, డాక్టరమ్మా?"

"నీ పిల్లలే అవ్వా."

మరునాడు శ్రీలత పళ్లెం పెట్టింది. అత్త చూపు గోడ వైపు నిలవగానే లైటు వేయబోయింది.

"ఉండనియ్యి. ఇంటికొచ్చినోళ్లను తరుముతమా?" అంటూ ఈరవ్వ పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. "నా కడుపుల పడితె వాళ్లకు పడ్డట్టే గదా. ఇంకింత అన్నం పెట్టు బిడ్డా, శానమందున్నరు."