ఎర్రచుక్క పెట్టిన ఉక్కు కడ్డీ

లోహానికి మెరుగు పెట్టే ముద్ద డబ్బా మూత తీయగానే కిరసనాయిలు లాంటి ఘాటు వాసన గదంతా పరుచుకుంటుంది. ఆ వాసనకు నేను ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను. లేచి కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వస్తాను.

శ్రీకాకుళం నుంచి బెంగాల్‌కు వచ్చి ఖిదిర్‌పూర్ రేవులో ఫిట్టరుగా చేరిన మా నాన్న, సెలవు రోజుల్లో గిటారు కడ్డీలు బాగుచేసేవాడు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద జార్చుతూ వాయించే వేలంత ఉక్కు కడ్డీ అది. తీగలు ఒరుసుకుని గాట్లు పడితే స్వరం వెంట జరజరమని రొద వస్తుంది. నాన్న అద్దం పలక మీద నూనె చుక్క వేసి, గరుకు కాగితం పరిచి, వెలుతురుకేసి చూసుకుంటూ, గంటలకొద్దీ కడ్డీని దొర్లించి అరగదీసేవాడు.

నా చిన్నప్పుడు ఒక దుర్గాపూజ రోజున, వీధిలో పందిరి వెదుళ్ళ చప్పుడు, ఇంట్లో అమ్మ చింతపండుతో ఇత్తడి బిందెలు తోముతున్న పుల్లటి వాసన. పక్కమేడ గిటారు దీదీ ఆ సాయంత్రమే పందిట్లో వాయించాలి. బాగుచేయడానికిచ్చిన ఆమె కడ్డీ మా ఇంట్లో ఉంది. పులుపు లోహపు మరకల్ని కరిగిస్తుందని లైబ్రరీ పుస్తకంలో చదివాను. గడువు ముగిసి, ఆ అధ్యాయం సగంలోనే పుస్తకం తిరిగిచ్చేశాను. నాన్న బజారుకు వెళ్ళగానే కడ్డీకి ఉప్పూ చింతపండూ పట్టించి గుడ్డ చుట్టాను. మధ్యాహ్నానికి, పైపూత పోయిన చోటల్లా ఉక్కు నల్లబడి గుంటలు పడింది. బజారు నుంచి వచ్చిన నాన్న గుడ్డ విప్పి చూశాడు.

"ఏటే గుంటా, ఇది సెంబనుకున్నావేటి?"

"పుస్తకంలో ఉంది నానా."

"అయితే ఆ పుస్తకాన్నే ఎల్లి వాయించమను!"

నాన్న అన్నం మానేసి అరగదీసినా ఒకవైపు గుంటలు పోలేదు. దీదీ రాగానే నాన్న వచ్చీరాని బెంగాలీలో జరిగిందంతా చెప్పి, ఆ వైపు తీగకు తగిలితే రొద వస్తుందన్నాడు. ఆమె ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత నా చెవి మెలిపెట్టి, "బాప్‌రే, చట్నీ చేద్దామనుకున్నావా!" అంది. సంచిలోంచి గోళ్ళరంగు తీసి గుంటల మీద ఎర్రచుక్క పెట్టింది. వాయించేటప్పుడు అది తీగలకు తగలకుండా పైకి, వేలి కింద ఉండాలి.

పందిట్లో ముందు వరుసలో కూర్చుని, ఆమె వేలు కదిలినప్పుడల్లా ముందుకు వంగి చూశాను. రొద రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

వయసు మీదపడి చేతులు వణకడం మొదలయ్యాక దీదీ ఆ కడ్డీని నాకే ఇచ్చేసింది. ఇప్పుడు ఆమె లేదు, నాన్నా లేడు. మా వీధి కిటికీల్లోంచి గిటార్లు వినిపించవు. గుంటలు పోగొట్టే పద్ధతులన్నీ చివరి పేజీ దాకా చదివాను. ముద్ద తీస్తాను, ఎర్రచుక్క మీద వేలు పడగానే మూత పెట్టేస్తాను. ఆ సాయంత్రం పందిట్లో నేను రాని రొద కోసమే చెవులు రిక్కించి కూర్చున్నాను, పాట వినలేదు. దీదీ వాయించిన పాట ఏదో నాకు తెలియదు; అడుగుదామంటే ఎవరూ మిగల్లేదు.