బొట్టు పెట్టి ఇచ్చిన టిప్పు

ఈ ఉదయం కొత్త దారం రీలు విప్పి ఒక కొస పళ్ల మధ్య పట్టుకోగానే నూలు రుచీ, పౌడర్ వాసనా కలిసి రాజ్యం అక్క వచ్చి పక్కన నిలబడినట్టయింది. ఎడిసన్‌లో ఒకరి పార్లర్‌లో కుర్చీ అద్దెకు తీసుకుని దారంతో కనుబొమలు తీర్చే పని చేసేది ఆవిడ. మనిషిది కరీంనగర్, మాట కుండబద్దలు కొట్టినట్టుండేది. గ్రీన్ కార్డ్ చేతికొచ్చాక నేను ఆ పక్క కుర్చీ అద్దెకు తీసుకున్నాను. జీతమిచ్చే యజమాని లేడు. ఎవరి సంపాదన వాళ్లది, ఎవరి పన్ను వాళ్లది. ఎప్పటికైనా సొంత పార్లర్ పెట్టాలని నా కోరిక. ఆ మాట మా ఆయనకంటే ముందు అక్కకే చెప్పాను.

మనవాళ్ల దగ్గర టిప్పుది విచిత్రమైన కథ. రెస్టారెంట్‌లో కిమ్మనకుండా ఇరవై శాతం ఇచ్చేవాళ్లే నా దగ్గరికొచ్చేసరికి, "మన అమ్మాయికి టిప్ ఇస్తే ఏం బాగుంటుంది!" అని నసుగుతారు. పుచ్చుకోవడానికి నాకు అంతకంటే మొహమాటం. నోటు అందుకుంటుంటే చేయి చాచి అడుక్కున్నట్టుండేది. అక్కకు ఆ బాధ లేదు. నిండుగా నవ్వి, "థాంక్యూ అమ్మా" అని పదిమందికీ వినపడేలా చెప్పి పుచ్చుకునేది.

ఒకసారి ప్లెయిన్స్‌బరోలో పెళ్లికూతురికి మేకప్ చేసి, చీర కట్టి వచ్చాను. రేటు దగ్గర గీచి గీచి బేరమాడిన ఆ తల్లే, కూతుర్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, నన్ను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్కతో పాటు యాభై ఒక్క డాలర్లున్న కవరు చేతిలో పెట్టింది. అది సంపాదన కాదు, శుభమని దేవుడి దగ్గర పెట్టేశాను. అక్క ఊరుకోలేదు.

"జాకెట్ గుడ్డ నీకు పెట్టిన్రు. పైసలు నీ పనికిచ్చిన్రు. గది టిప్పు కాకపోతే ఇంకేంది?"

"పసుపు కుంకుమతో ఇచ్చినదాన్ని టిప్పంటామా అక్కా? తప్పు కదూ!"

"బొట్టు వెట్టి ఇస్తే పైసలు పైసలు గాకుండ పోతయా? నువ్వడిగినవా? లేదు. సంతోషమై ఇచ్చింది. టిప్పంటే గదే. ఆదాయంల రాయి."

మా టాక్సులు మా ఆయన స్నేహితుడు శ్రీనివాస్ గారు చూసేవారు. టిప్పులు కూడా రాయమంటే ఆయన తల పట్టుకున్నారు. "క్యాష్ టిప్స్ ఎవరు చూస్తారండీ? రిపోర్ట్ చేసి మరీ టాక్స్ కడతారా?" నిజానికి నాకూ ఆయన మాటే తీపిగా అనిపించింది. మర్నాడు అక్కతో అంటే, చేతిలో దారం ఆపేసింది.

"దొంగసొమ్మయితే దాచాలె. మనం కనుబొమలు చేసినం. రేపు పార్లర్ పెడతనని పోతే ఆ బిల్డింగ్ ఓనర్ ఏం జూస్తడు? నీ టాక్స్ రిటర్నే గదా! నీ కష్టాన్ని నువ్వే సగం జేసి సూపిస్తవా?"

మొత్తం చూపించాను. పన్ను కట్టినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. అక్క కూతురి దగ్గరికి వేరే రాష్ట్రంలోని అరోరాకు వెళ్లిపోయాక కూడా, ఆవిడ మీద విసుక్కుంటూనే, టిప్పు వచ్చిన ప్రతిసారీ రాశాను.

ఈ వసంతంలో శ్రీనివాస్ గారు మా డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కసారిగా కేక పెట్టారు. "టిప్స్ మీద డిడక్షన్ వచ్చిందండీ, ఆ మేరకు ఆదాయపు పన్ను ఉండదు! సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌కి కూడా! ఏయే పనులకో లిస్ట్ ఇచ్చారు, ఐబ్రో త్రెడింగ్ అని పేరు పెట్టి మరీ రాశారు చూడండి!" ఇష్టపూర్వకంగా ఇచ్చినవే లెక్కలోకి వస్తాయట. ఖర్చులు పోగా మిగిలే లాభాన్ని దాటకూడదట. సోషల్ సెక్యూరిటీ పన్ను ఎలాగూ తప్పదు. "అన్నిటికంటే ముఖ్యం, రిపోర్ట్ చేసి ఉండాలి. మీరు చేశారు కాబట్టి సరిపోయింది" అని ఆయనే మనస్ఫూర్తిగా నవ్వారు. సంతోషం పట్టలేక మా ఆయన భుజం మీద ఒక్కటి చరిచాను.

ఓక్ ట్రీ రోడ్‌లో చిన్న షాపు ఖాళీ అయింది. ఓనర్ నా పాత రిటర్న్‌లు తిరగేసి, ఆదాయం బాగానే ఉందని లీజుకు ఒప్పుకున్నాడు. పన్నులో మిగిలింది అడ్వాన్సులోకి వెళ్లింది. తాళం చేతికొచ్చిన రోజు అక్కకు ఫోన్ చేస్తే అరోరా అంతా వినపడేలా నవ్వింది. "ఇగ జెప్పు, ఎవరిది పార్లర్?" అంది. "నాదే అక్కా" అన్నాను.

పని నేర్పినవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. పని చేసి పుచ్చుకున్నదానికి తల దించుకోనక్కర్లేదని నేర్పింది ఆవిడొక్కతే. మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో మా ఆయన ఆఫీసువాళ్ల మధ్య ఒకావిడ నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "మీ పనిలో టిప్స్ కూడా ఇస్తుంటారా?" అని అడిగింది.

నేను గొంతు తగ్గించలేదు. "ఇస్తారండీ. బాగా ఇస్తారు" అన్నాను.