షిరతోరి బాబాయ్ పచ్చిచేప దర్యాప్తు

షిరతోరి బాబాయ్ ప్రశ్నలు భరించలేక ఒకసారి చచ్చిన సాల్మన్ చేప బల్ల మీంచి లేచి సముద్రంలోకి వెళ్లిపోయింది. నేను కళ్లారా చూశాను. కుషిరో రేవూళ్లో పుట్టి, అరవై రెండేళ్లుగా సముద్రం పక్కనే బతుకుతూ, పచ్చిచేప ముక్క చూస్తే చెమటలు పట్టే మనిషి ఆయనొక్కడే.

అలాగని మా చేపల బజారుకి రావడం మానడు. ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి అందరిలాగే గిన్నెడు వేడన్నం కొంటాడు. అందరూ ఆ గిన్నె పట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగి, నచ్చిన చేపముక్కలు అన్నం మీద వేయించుకుంటారు. బాబాయ్ మాత్రం జేబులోంచి టార్చిలైటు తీస్తాడు. రైల్వేలో ముప్పై ఏళ్లు పట్టాల బోల్టులు తనిఖీ చేసి రిటైరయ్యాడు. బోల్టుకైనా చేపకైనా ఆయన దగ్గర ఒకటే చూపు.

"ఇది ఎప్పుడు పోయింది?"

"తెల్లారుజామున, బాబాయ్."

"ఎన్ని గంటలకి?"

"నేను పక్కన లేను."

"పురుగులున్నాయేమో."

"ఉంటే నీ టార్చి చూసి ఎప్పుడో పారిపోయుండేవి."

"ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం."

నేను బడి మానేసి ఇసోగై వారి కొట్టులో చేరి పదకొండేళ్లయింది. చేప కన్ను చూసి దాని తాత పేరు చెప్పగలను గానీ, బాబాయ్ ఐదు నిమిషాలు ఎప్పటికవుతాయో చెప్పలేను. చివరికి చల్లారిన అన్నంలో ఆమ్లెట్టు ముక్క వేసుకుని తినేసి పోతాడు.

ఇక మా యజమాని ఇసోగై పెద్దాయనకి ఒక సిద్ధాంతం ఉంది. ఆడవాళ్ల చేతులు వెచ్చన, వాళ్లు కోస్తే పచ్చిచేప ముక్క వాడిపోతుందట. అందుకే ఆయన కోడలు చిసాతో వదిన మూడేళ్లుగా వెనకగదిలో స్క్విడ్‌లు ఎండబెడుతోంది. బంగాళాదుంపలు పండించే ఇంటి నుంచి వచ్చిన మనిషి, అయినా చాటుగా కత్తి పట్టడం నేర్చుకుంది. నేనే నేర్పాను. సరే, నేను చూస్తుండగా నేర్చుకుంది.

ఒక ఆదివారం, రోజూ చేప కోసే వదిన మొగుడి మణికట్టు బెణికింది. పెద్దాయన మూలుగుతూ కత్తి ఇచ్చాడు.

"పదింటిదాకా నీది. నువ్వు కోసింది జనం తింటే సరే. ట్రే మిగిలిందా, మళ్లీ ఎన్నడూ కత్తి మాటెత్తకు."

తొమ్మిదిన్నరైనా ఒక్కరూ గిన్నె చాచలేదు. పెద్దాయన సిద్ధాంతం ఊరందరికీ తెలుసు మరి. వదిన రెండు నిమిషాలకోసారి చేతులు ఐసునీళ్లలో ముంచుతోంది. వేళ్లు కందిపోయాయి. సరిగ్గా అప్పుడే షిరతోరి బాబాయ్ టార్చి వేసుకుంటూ వచ్చాడు. కొంప మునిగింది అనుకున్నాను.

ఆ కంగారులో వదినతో గుసగుసగా అనబోయి గట్టిగా అనేశాను. "అన్నతో మొదలుపెట్టు."

మా కొట్ల భాషలో అన్న అంటే నిన్నటి చేప, తమ్ముడంటే ఇవాళ్టిది. నిన్నటిదంటే చెడిందని కాదు. తెల్లచేప ఒక రాత్రి పడుకుని లేస్తేనే రుచి తేలుతుంది, ముందు దాన్నే అమ్ముకోవాలి. వెనకగదిలో ఉండే వదినకి ఈ భాష ఎక్కడ తెలుస్తుంది? అటూ ఇటూ చూసింది. ఎదురుగా తలనెరిసిన మగమనిషి ఒక్కడే ఉన్నాడు.

"అన్నయ్యగారూ, మీతోనే మొదలుపెట్టమన్నారు," అని రెండు చేతులతో ముక్క ఆయన గిన్నెలో పెట్టింది.

బాబాయ్ మొహం పాలిపోయింది. ఇన్నేళ్లు కొట్టుకొట్టుకీ ప్రశ్నలు వేసిన మనిషి, మా భాష నాకంటే ఆయనకే బాగా తెలుసు.

"అన్నతోనా?" అన్నాడు నావైపు తిరిగి.

నిజానికి వదిన కోసింది తమ్ముణ్ణి. ఆ మాట చెబితే, కొట్టు భాషైనా రాదని పెద్దాయన ముందు వదిన పరువు పోతుంది. నేను నోరు కుట్టేసుకున్నాను. పెద్దాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. చుట్టుపక్కల కొట్లవాళ్లు కత్తులు ఆపేశారు.

బాబాయ్ ముక్క మీద టార్చి వేశాడు. వెలుగు జారి వదిన వేళ్ల మీద పడింది. ఆ ఎర్రటి వేళ్లని కాసేపు చూశాడు. టార్చి ఆర్పేశాడు. కళ్లు మూసుకుని ముక్క నోట్లో వేసుకున్నాడు. గొంతుముడి పైకి వెళ్లింది, అక్కడే ఆగి ఆలోచించింది, కిందికి దిగింది.

"వెచ్చగా ఉందా?" అన్నాడు పెద్దాయన.

"చల్లగా ఉంది," అన్నాడు బాబాయ్. "ఇంకోటి పెట్టమ్మా."

కుషిరోలో అంతకు మించిన ప్రభుత్వ ముద్ర లేదు. అంత అనుమానం మనిషే తిన్నాక ఇంకెవరికి భయం? అందరూ గిన్నెలు ఒక్కసారిగా వదిన ముందుకు చాచారు. పది కాకముందే ట్రే ఖాళీ అయింది. పెద్దాయన కత్తి తుడిచి, పిడి కోడలి వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు.

ఈ కథ ఎవరికి చెప్పినా, ఆ రోజు బాబాయ్ లొట్టలేసుకుంటూ తొమ్మిది ముక్కలు తిని, ఆడవాళ్ల చేతుల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాడనే చెబుతాను. మొన్న అలాగే చెబుతుంటే ఆయన నా వెనకే నిలబడి మొత్తం విన్నాడు.

"మూడు ముక్కలు," అన్నాడు. "మూడూ నమలకుండా మింగాను. రుచి సంగతి నాకు తెలీదు."