ఆగిపోయిన అడవి పాఠం

మా సైన్సు సారు చనిపోయారని మొన్న పొద్దున మంచిర్యాల నుంచి చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు ముంచుకొచ్చింది.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, శనివారం మధ్యాహ్నాలు సారు మమ్మల్ని బొగ్గుగని కాలనీ దాటాక మొదలయ్యే అడవిలోకి తీసుకెళ్లేవారు. ఒక్కొక్కరిని ఒక్కో చెట్టు కింద కూర్చోబెట్టి, పావుగంట మాట్లాడనిచ్చేవారు కాదు. "పేరు తర్వాత అడుగుండ్రి. ముందుగాల జర సూడుండ్రి" అనేవారు. చీమను చూపించాలన్నా మోకాళ్ల మీద కూర్చునేవారు. ఆయన ప్యాంటుకు అక్కడ ఎప్పుడూ మట్టే. ఇప్పటికీ కొత్త ఊరికి వెళితే ఏదో ఒక చెట్టు కింద ఊరికే కాసేపు కూర్చుంటాను. అది ఆయన నేర్పిందే.

వాగు దాటొద్దని ప్రతిసారీ చెప్పేవారు. ఓ చలికాలం నేను పరికిపండ్ల కోసం దాటాను. దారి తప్పి, కాలు బెణికి ఓ బండ దగ్గర కూలబడ్డాను. పొద్దుగూకే వేళకు సారు నన్ను వెతికి పట్టుకుని వీపున మోసుకొచ్చారు. ముళ్లు గీరుకుని ఆయన చేతుల నిండా నెత్తురు.

సోమవారం హెడ్మాస్టరు గదిలో మా బాపు అరుస్తున్నాడు.

"వాగు దాటుమన్నది సారేనా?" హెడ్మాస్టరు నన్నడిగారు.

బాపు ముఖం చూసి, అవునని తలూపాను. గోడ పక్కన నిలబడ్డ సారు నావైపు తిరిగి, "కాలు నొప్పి తగ్గిందా బిడ్డా?" అన్నారు. అంతే. ఆ వారం నుంచి అడవి పాఠం బంద్. ఆయన ఏటా మళ్లీ అనుమతి అడిగేవారట. ఏటా నా సంగతే గుర్తుచేసి కాదనేవారట.

రెండేళ్ల కింద ఆయన ఇంటికి వెళ్లి, "ఆ రోజు అబద్ధం చెప్పిన సార్" అన్నాను.

"నాకెరుకే. భయపడ్డవు."

"మరి మీరెందుకు చెప్పలే?"

"చెప్తే మీ బాపు నిన్ను గక్కడ్నే కొట్టేటోడు." చాయ్ కప్పు కింద పెట్టారు. "నీమీద కోపం లేదు బిడ్డా. నీ ఎన్క వచ్చిన పిల్లలు అడవి సూడలే. గదొక్కటి మనసులకెల్లి పోతలేదు."

"బడికి పోయి నిజం చెప్తా సార్."

"చెప్పు" అన్నారు.

నేను వెళ్లలేదు. రేపు, ఎల్లుండి అంటూ రెండేళ్లు గడిపేశాను.

అంత్యక్రియలకు ఆ బడి పిల్లలు యూనిఫాంలో వచ్చారు. ముసురు పడుతోంది. శ్మశానం దారిలో టేకుచెట్లు పూసి ఉన్నాయి. సన్నటి తెల్లపూలు పిల్లల తడి జుట్ల మీద రాలుతున్నాయి. నా ముందున్న అమ్మాయి తల దులుపుకుంది.

"గివేందో పడుతున్నయే" అంది పక్కపిల్లతో.

ఇద్దరూ పైకి చూడకుండానే గొడుగు తెరిచారు.