పెద్ద డ్రమ్ము పక్కన కుర్చీ

డ్రమ్ములక్కకు తన బ్యాండులో ఎవరన్నా లెక్కలేదు. పాటగాడు అద్దంలో తన్ను తానే చూసుకుని మురిసిపోయే రకం. గిటారువాడు మరీను! ఆరేళ్లుగా కలిసి వాయిస్తున్నా తన ఇల్లెక్కడో కూడా చెప్పని ఆ మనిషికి తాళంకప్ప అని పేరు పెట్టింది ఆవిడే.

ఆ సాయంత్రం కచేరీలో, నాలుగో పాట మధ్యలో గిటారు ఆగిపోయింది. తాళంకప్ప ముఖం పాలిపోయింది. ఊపిరందడం లేదు. పాటగాడు ఒక్క చూపు చూసి, "వేషాలు!" అని గొణిగి, జనం వైపు తిరిగి పళ్లికిలించాడు.

"నీ మొహం మండా," అనుకుంటూ అక్క లేచి, తాళంకప్పను చొక్కా పట్టి లాక్కొచ్చి పెద్ద డ్రమ్ము పక్కన కూలేసింది.

"ఒరేయ్, ఎవర్నీ చూడకు. దీనిమీద చెయ్యి పెట్టు. ఒక దెబ్బకి గాలి పీల్చు, ఇంకో దెబ్బకి వదులు."

పాటను గాలికొదిలేసి, కాలితో నెమ్మదిగా ఒక్కొక్క దెబ్బే వేసింది. జనం అదేదో కొత్త వాయింపనుకుని చప్పట్లు కొట్టారు. వాళ్ల మొహానికి ఏం తెలిసేడ్చింది! నలభై దెబ్బలయ్యాక వాడు లేచి గిటారు అందుకున్నాడు.

మర్నాడు రిహార్సల్లో వాడు నోరు విప్పాడు.

"నాలుగో పాటలో మరీ నెమ్మదించావక్కా."

అక్కకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచేసరికి, వాడు ఎప్పుడూ ఓ మూలన వేసుకునే తన కుర్చీని ఈడ్చుకొచ్చి పెద్ద డ్రమ్ముకి ఆనించి వేసుకుంటున్నాడు.

"ఏడ్చినట్టుంది," అంటూ అక్క తన ఇత్తడి సింబల్ పళ్లెం స్టాండును జానెడు పక్కకి జరిపింది.