రెండు భాషల్లో ఒకే అధ్యాయం

నేను బాప్తిస్మం తీసుకున్న వారమే హత్నూర నుంచి మా వదిన ఫోన్ చేసింది. "ఇగ నీ దారి నీది, మా దారి మాది" అని పెట్టేసింది. అప్పటికే భర్త పోయి, పటాన్‌చెరులో కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉంటూ మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పని చేస్తున్నాను. ఆదివారం ఆరాధనకు అందరూ పిల్లాజెల్లాతో వచ్చేవారు. నేను గోడవారగా కూర్చుని, అయిపోగానే చెప్పులేసుకుని వచ్చేసేదాన్ని.

పాస్టరమ్మ అది గమనించినట్టుంది. ఒకసారి గేటు దగ్గర ఆపి, "ఒక్కదానివే ఉంటే విశ్వాసం ఎట్ల పెరుగుతదమ్మా? తోడు ఒకరుండాలె" అంటూ పక్కనున్న ఒకామె చెయ్యి నా చేతిలో పెట్టింది. ఆమెది జార్ఖండ్. ముత్తంగి దగ్గర గోదాములో పని. తెలుగు రాదు. నాకు వచ్చిన హిందీ సూపర్‌వైజర్‌కు జవాబు చెప్పేంత.

అయినా బుధవారం సాయంత్రాలు నా గదికి వచ్చేది. బైబిల్లో ఒకే అధ్యాయం ఆమె హిందీలో, నేను తెలుగులో చదివేవాళ్లం. ప్రార్థన మాత్రం ఆమే చేసేది. పైకి ప్రార్థించాలంటే నాకు సిగ్గు. దేవుడితో ఏ మాటలు మాట్లాడాలో తెలిసేది కాదు.

ఒక బుధవారం వస్తూనే చాప మీద కూలబడింది. ఊళ్లో తన తల్లి దగ్గరున్న కూతురికి జ్వరం, ఆస్పత్రిలో పెట్టారట. పుస్తకం తెరవలేదు. "దీదీ, ఆజ్ తుమ్ కరో" అంది. ఈరోజు ప్రార్థన నువ్వు చెయ్యమని.

"నాకు రాదు" అన్నాను. ఆమె అప్పటికే కళ్లు మూసుకుంది.

ఇక తప్పలేదు. "తండ్రీ, గా పిల్లను సూడు. తల్లి ఈడుంది, పిల్ల ఆడుంది. నువ్వైతే రెండు తాన్ల ఉంటవు గద..." అంతవరకే వచ్చింది. తర్వాత ఏడుపు. అది ఆమె పిల్ల కోసమో, నా కోసమో నాకే తెలియలేదు. ఆమెకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ నా భుజం గట్టిగా పట్టుకుంది.

మర్నాడే రైలెక్కింది. పిల్ల కోలుకుందని ఫోన్ చేసింది కానీ, ఇక దాన్ని వదిలి రానంది. సంతోషించాను. ఫోన్ పెట్టాక గది బోసిపోయింది.

ఈ మధ్య సంఘంలో కొత్తగా ఒకామె చేరింది. వెలిమెలలో ఇళ్లపని చేస్తుంది. "నువ్వే జెర దగ్గరికి తియ్యాలె" అంది పాస్టరమ్మ. మనసు లేకపోయినా సరేనన్నాను. మొదటి బుధవారం వచ్చింది. ఇద్దరిదీ తెలుగే, అయినా మాట కలవలేదు. రెండో వారం రాలేదు, ఫోన్ ఎత్తలేదు. డ్యూటీ దిగాక నేనే వెలిమెల ఆటో ఎక్కాను.