మనవాళ్లతో అయితేనే యూరప్

యూరప్ అంటే చాలామందికి మంచు గుర్తొస్తుందట. నాకు తడి సాక్సులు గుర్తొస్తాయి. హాస్టల్ గదిలో హీటరు మీద పన్నెండు మంది ఆరేసుకున్న సాక్సులు, వాటి పక్కనే ఎవరో వెచ్చబెట్టుకుంటున్న చీజు. ఏ వాసన దేనిదో కళ్లు మూసుకుని చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.

ఈ సంగతి మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి ఆంటీకి ఏడాదిపాటు చెప్పలేదు. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేస్తూ మధ్యలో ఒక సెమిస్టరు ఎక్స్‌చేంజ్ మీద జర్మనీలో చదివొచ్చాను. చదివొచ్చాను అనడం మర్యాద కోసం. తిరిగొచ్చాక ఆవిడకు ఫొటోలు చూపించాను. ఫొటోలకు వాసన ఉండదు, వాటి గొప్పతనమంతా అదే.

ఆ ఫొటోలే నా కొంప ముంచాయి. ఆంటీవాళ్ల అమ్మాయి ఇక్కడే పుట్టింది, యూనివర్సిటీలో రెండో ఏడు. తనకూ యూరప్‌లో ఒక సెమిస్టరుకు సీటొచ్చింది. వస్తున్నానని ఆన్‌లైన్‌లో నొక్కడానికి ఆ ఆదివారం సాయంత్రం అయిదింటి దాకా గడువు. అంకుల్ ఒక షరతు పెట్టారు. చదువు ఎక్కడైనా చదువుకోవచ్చు, తిరగడం మాత్రం మనవాళ్లతోనే. అక్కడికి వెళ్లే తెలుగు స్టూడెంట్ల గ్రూపులో చేరాలి, సెలవులన్నీ వాళ్లతోనే గడపాలి. ఆ గ్రూపు మంచిదని దాన్లో ఉండి వచ్చిన నేను మాటివ్వాలి. ఇస్తే వెళ్తుంది. ఇవ్వకపోతే లేదు.

అందుకని మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. గుత్తి వంకాయ, పప్పుచారు, అప్పడాలు. సాక్షికి కడుపు నింపి సాక్ష్యం అడిగే ఇల్లు అది.

"చెప్పవయ్యా," అన్నారు అంకుల్ అప్పడం విరుస్తూ. "మీ గ్రూపులో అందరూ మంచి పిల్లలేనా?"

"బాగా చదువుకున్న పిల్లలండీ."

"నేనడిగింది అది కాదు."

అంకుల్ రోజూ కారులో సిటీకి వెళ్లొచ్చే మనిషి. ముందు కారువాడు లైటు వెయ్యకుండానే ఎటు తిరుగుతాడో కనిపెట్టేస్తారు. ఆయన దగ్గర నేను అనవసరంగా పక్క దారి పట్టాను.

"డాడ్, ఐయామ్ ట్వెంటీ," అంది అమ్మాయి.

"ట్వెంటీ అయితే ఫీవర్ రాదా?" అన్నారు ఆంటీ. "మనవాళ్లు ఒకరుంటే కాస్త జావైనా కాచి పోస్తారు. ముక్కూ మొహం తెలీనివాళ్లయితే సారీ అని దాటుకుంటూ పోతారు. కాదా బాబూ?"

నేను పప్పుచారు కలుపుకుంటూ, ముందు రోత పుట్టించేవన్నీ చెప్పేద్దామనుకున్నాను. నలుగురూ నవ్వితే అసలు ప్రశ్న జారిపోతుంది. నాకు వచ్చిన విద్య ఆ ఒక్కటే.

ముందు వంటగది గురించి చెప్పాను. ఎనిమిది మందికి ఒకటే సింకు. అందులో ఎవరిదో ఒక గిన్నెలో పాస్తా నానడం మొదలైనప్పుడు బయట చెట్లకు ఆకులున్నాయి. మంచు పడే వేళకు దానికి బొచ్చు మొలిచింది. చలికాలం కదా, దాని జాగ్రత్త అది తీసుకుంది. మేమూ తక్కువ తినలేదు. నేను ఇంగువ పోపు పెట్టిన రోజు అలారం మోగి, మూడంతస్తుల జనం పైజామాల్లో రోడ్డు మీద నిలబడ్డారు. ఫైరింజన్ మనిషి వంటగదిలోకి వచ్చి వాసన చూసి, మంట లేదన్నాక కూడా మొహానికున్న మాస్కు తియ్యలేదు.

తర్వాత నీళ్ల సంగతి. అక్కడి బాత్రూముల్లో కాగితం తప్ప ఏమీ ఉండదు. ఇక్కడా అంతే కాని, ఇక్కడ ఇంట్లో మన మగ్గు మనకుంటుంది. ప్రయాణాల్లో మగ్గు పట్టుకుని తిరగలేక మావాళ్లందరి బ్యాగుల్లో ఒక ఖాళీ నీళ్ల సీసా ఉండేది. ఒకసారి బస్సులో ఆ సీసా, తాగే సీసా చోట్లు మారాయి. ఎవరు తాగారో చెప్పను. ఆ తర్వాత రెండు రోజులు టూత్‌పేస్టు తప్ప నాకేమీ సహించలేదని మాత్రం చెప్పాను.

అంకుల్‌కు నవ్వొచ్చి పొలమారింది. "ఛీ ఛీ! అన్నం ముందు కూచుని ఏం మాటలవి?" అన్నారు ఆంటీ. "యక్, అన్నా, స్టాప్!" అని అమ్మాయి చెవులు మూసుకుంది. పని జరిగిందనుకున్నాను.

"ఎన్ని చెప్పినా, అందరూ కలిసి ఎంత సంతోషంగా తిరిగారో," అని ఆంటీ ఫోను తీశారు. అందులో బుడాపెస్ట్‌లో వంతెన మీద చేతులు బార్లా చాపి నిలబడ్డ నేను. మోకాళ్ల కిందిదాకా ముదురు ఎరుపు కోటు. ఆ ఫొటోను ఆవిడ ఒకసారి వాట్సాప్ స్టేటస్‌గా కూడా పెట్టుకున్నారు.

అమ్మాయి ఫోను లాక్కుని ఫొటోను పెద్దది చేసింది. "వెయిట్. అన్నా, ఇది గర్ల్స్ కోట్. బటన్స్ అదర్ సైడ్ ఉన్నాయి. ఎవరిది?"

"ఫ్రెండుది."

"దెన్ వేర్ ఈజ్ షీ? ఒక్క ఫొటోలో కూడా లేదు."

నా దగ్గర నాలుగు జోకులు సిద్ధంగా ఉన్నాయి. గడియారంలో మూడున్నరయింది. నిజం చెబితే మా గ్రూపు పరువూ, దాంతోపాటు ఈ పిల్ల ప్రయాణమూ పోతాయి. చెప్పకపోతే, నేనిచ్చిన మాట పట్టుకుని నాలాంటి వాళ్లతోనే బయలుదేరుతుంది. మొదటి జోకు నోటిదాకా వచ్చింది. ఆంటీ నా కంచంలో ఇంకో వంకాయ వేశారు. ఆ వంకాయ చూశాక జోకు రాలేదు.

చెప్పాను.

డిసెంబరు సెలవుల్లో నలుగురం బయలుదేరాం. నేను, ఒక వైజాగ్ అబ్బాయి, ఒక నెల్లూరు అబ్బాయి, ఒక కరీంనగర్ అమ్మాయి. పన్నెండు రోజులు, ఏడు దేశాలు. మనవాళ్లు ఊళ్లు చూడరు, కవర్ చేస్తారు. దిగడం, ఫొటో, బస్సు. ఆ ఊరివాడు ఎవడైనా నవ్వుతూ పలకరిస్తే టైము వేస్టని చిరాకుపడేవాళ్లం.

దారిలో తినడానికి నేను పెద్ద డబ్బా నిండా పులిహోర కలిపాను. పులిహోర పాడవదని మనకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. ఆ నమ్మకం వేసవిలో రైలు ప్రయాణాలను తట్టుకుంది కాని, బస్సు సీటు కింద హీటరును తట్టుకోలేదు. మూడో రోజు ప్రాగ్‌లో మూత తీస్తే చింతపండుది కాని పులుపేదో ముక్కుకు తగిలింది. మెతుకులు వేలికి జిగురుగా అంటుకున్నాయి. మగవాళ్లం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని కబాబుల కొట్టుకు నడిచాం. కరీంనగర్ అమ్మాయి మాంసం తినదు. "గంత కష్టపడి చేసినవ్, పారేస్తరా?" అని ఆమె తింది. నా మీద గౌరవంతో తింది. ఆ పులిహోర మీద నాకే లేని గౌరవం అది.

తెల్లారేసరికి ఆమె లేవలేకపోయింది. గది నేల మీద, బాత్రూమ్ గడప మీద, కారిడారుదాకా అదే వాసన. నేను వండిన దానికి నేనే ముక్కు మూసుకుని నిలబడ్డాను. ఎనిమిదింటికి బుడాపెస్ట్ బస్సు.

"మీరు పోండ్రి. నేనుంటా," అంది ఆమె గోడవైపు తిరిగి.

అలాంటి మాటను ఎవరూ నిజమని పట్టుకోరు. మేం పట్టుకున్నాం. "టికెట్లు క్యాన్సిల్ అవ్వవురా, తనే ఎళ్లమంటంది కదేటి," అన్నాడు వైజాగ్‌వాడు. నెల్లూరువాడు అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు. నేను వాళ్లకంటే మంచివాణ్ణి కాబట్టి ఇంకో నిమిషం ఆగాను. నా జాకెట్ జిప్పు ఊడిపోయి ఉంది. "ఎలాగూ నువ్వు బయటికి రావు కదా, నీ కోటు తీసుకోనా?" అని అడిగాను. దిండులోంచే తలూపింది.

రెండు రోజులు బుడాపెస్ట్ కవర్ చేశాం. ఎలా ఉందని మెసేజ్ పెట్టాను. బొటనవేలి బొమ్మ వచ్చింది. బొటనవేలు ఆడుతోందంటే మనిషి బాగున్నట్టేనని లెక్క వేసుకున్నాం. ప్రాగ్‌కు తిరిగొచ్చేసరికి గది నేల శుభ్రంగా ఉంది. మిగతా మంచాలవాళ్లు గొడవ చేస్తే, నిలబడలేని మనిషి మోకాళ్ల మీద కూచుని తుడిచిందట. కోటు లేక హాస్టల్ దుప్పటి చుట్టుకుని, మంచులో మందుల షాపుకు వెళ్లొచ్చిందట. ఈ రెండు ముక్కలూ కౌంటరులో మనిషి చెప్పింది, మా వైపు బొద్దింకల్ని చూసినట్టు చూస్తూ. చూపు సరైనదే.

"కోటు తెచ్చినవా?" అని మాత్రం అడిగింది కరీంనగర్ అమ్మాయి. ఇచ్చాను. కాలరు ఒకసారి వాసన చూసి, ప్లాస్టిక్ సంచిలో వేసి ముడేసింది. ఆ మధ్యాహ్నం రైలుకు జర్మనీలో తను చదివే ఊరు వెళ్లిపోయింది. వాట్సాప్ గ్రూపులోంచి ఆమె నంబరు తప్పుకున్నట్టు ఒక లైను కనబడింది. దాని కింద వైజాగ్‌వాడు బుడాపెస్ట్ ఫొటోలు పెట్టాడు. నేను వాటికి లైకు కొట్టాను.

నేను ఆపాను. ఆంటీ ఫోనును బోర్లా పెట్టారు.

"అంటే నువ్వు మాటివ్వలేవు," అన్నారు అంకుల్.

"ఇవ్వలేనండీ."

"ఓ మై గాడ్!" అమ్మాయి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "సో నౌ ఐ కాంట్ గో? అన్నా, యూ కుడ్ హావ్ జస్ట్ లైడ్!"

"ఏడాదిగా ఆ పనే చేశానమ్మా. అలిసిపోయాను."

అది జోకులాగే బయటికొచ్చింది. ఎవరూ నవ్వలేదు. అమ్మాయి కళ్లు తుడుచుకుంటుంటే, మొహం కడుక్కుని వచ్చే మిష మీదైనా అక్కణ్ణించి లేవాలనిపించింది. చేతికి పప్పుచారు ఎండిపోతోంది.

అంకుల్ మాత్రం ఏదో ఆలోచిస్తున్నారు. "ఆ మందుల షాపుకు దారి ఎవరు చెప్పారు ఆ పిల్లకు?"

"ఎవరూ చెప్పలేదండీ. తనే వెతుక్కుంది."

"మళ్లీ జర్మనీకి ఎవరు దిగబెట్టారు?"

"తనే వెళ్లింది."

"చదువు?"

"మా నలుగురిలో అన్నీ పాసైంది తనొక్కతే."

ఆయన కూతురి వైపు తిరిగారు. "ఏమ్మా, తెలియని ఊళ్లో మందుల షాపు వెతుక్కోగలవా?"

"డాడ్, ఐ వర్క్ ఇన్ ఎ ఫార్మసీ. ఎవ్రీ సాటర్డే. యూ డ్రాప్ మీ దేర్."

అంకుల్ ఒక్క క్షణం తడబడ్డారు. "సరే, అయితే వెళ్లు. షరతు తీసేశాను. తిరగాలనిపిస్తే తిరుగు. మనవాళ్లతో మాత్రం తిరగకు."

"అదేంటండీ, ఒక్కతే ఎలా?" అన్నారు ఆంటీ.

"ఒక్కతే వెళ్తే, ఒక్కదాన్నేనని తెలిసి జాగ్రత్తగా ఉంటుంది. వీళ్లతో వెళ్తే పక్కన ముగ్గురున్నారనుకుంటుంది."

వీళ్లు అన్నప్పుడు ఆయన వేలు నా కంచం వైపు ఉంది. ఆ వేలు తియ్యమనలేదు నేను.

నాలుగూ పదికి అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీదే నొక్కింది. తెర మీద ఒక ఆకుపచ్చ గుర్తు వచ్చి పోయింది. ఇంత రభసకు అంతకంటే పెద్దదేదో వస్తుందనుకున్నాం అందరం. తండ్రిని పట్టుకుని ఊపేసి, తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి, నా దగ్గరికి వచ్చి ఆగింది.

"థాంక్స్ అన్నా. బట్ దట్ వాజ్ డిస్గస్టింగ్. నాట్ ద బాటిల్."

"తెలుసు," అన్నాను.

ఆంటీ నా మొహం చూడకుండానే అన్నం పెట్టి పెరుగు వేశారు. ఎప్పుడూ వేసేంతే వేశారు. తగ్గించి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"ఆ అమ్మాయి నంబరుందా నీ దగ్గర?"

"ఉందాంటీ."

"ఈ ఏడాదిలో ఒక్కసారైనా ఫోన్ చేశావా?"

"లేదు."

"తిని చెయ్యి. ఇక్కడే కూచుని, నా ముందే చెయ్యి."

పెరుగన్నం పెద్దగా నమలాల్సిన పదార్థం కాదు. నేను ఆ రోజు ఒక్కో మెతుకూ నమిలాను.